లోపల ఏమయ్యింది?

*కరోనాతో పోయినవాళ్ల దేహాలను మన దగ్గర దాదాపుగా తెరవలేదు. తెరిచినచోట ఆ దేహాలు చెప్పిన సంగతులు ఎన్నో ప్రాణాలు నిలబెట్టాయి. మిర్చి, పత్తి నేలలో ఒక ఇల్లాలు అడిగిన ప్రశ్న వెంట వెళ్లి రాసిన కథనం ఇది.*

2021 మే నెల. మధ్యాహ్నం రెండు దాటింది. మార్చురీ వెనక వేపచెట్టు కింద ఇరవై మందిమి ఎవరికి వాళ్లం దూరం దూరంగా నిలబడి ఉన్నాం. తలుపు దగ్గర పీపీఈ కిట్టు వేసుకున్న ఆసుపత్రి సహాయకుడు (ఎమ్మెన్వో) కాగితం చూసి పేర్లు పిలుస్తున్నాడు. పిలిచిన పేరు తాలూకు ఇద్దరు ముందుకు వెళ్లాలి. స్ట్రెచర్ మీద నల్ల సంచి. జిప్పు గడ్డం దాకా దించి, "మీవాళ్లేనా?" అంటాడు. ఔనంటే సంతకం. అంతే. జిప్పు మళ్లీ పైకి పోతుంది.

మా మామయ్య పేరు పిలిచేసరికి అత్తయ్యా నేనూ వెళ్లాం. ముఖం ఉబ్బింది. వారం రోజుల గడ్డం తెల్లగా మెరుస్తోంది. ముక్కు మీద మాస్కు అదిమిన చోట వంపు తిరిగిన ఎర్రటి గీత. అత్తయ్య చెయ్యి చాపింది. "ముట్టుకోమాకమ్మా" అన్నాడతను, గద్దించి కాదు, బతిమాలినట్టు. ఆమె చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఏడవలేదు. నా వైపు తిరిగి ఒక్కటే అడిగింది.

"లోపల ఏమయ్యిందిరా అబ్బాయ్? మొన్న రాత్రి ఫోన్లో మాట్లాడాడుగా. మజ్జిగన్నం తిన్నానన్నాడుగా."

నా దగ్గర జవాబు లేదు. చేతికొచ్చిన కాగితంలో 'కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్' అని ఉంది. గుండె, ఊపిరి ఆగిపోయాయని దాని అర్థం. చనిపోయిన ప్రతి మనిషికీ ఆగేవి అవే. ఆమె అడిగింది అది కాదు.

ఇప్పుడీ సంగతి ఎందుకంటే, కరోనా పోయిందనుకున్నాక కూడా దాని గురించిన అనుమానం ఊళ్లను వదల్లేదు. పాతికేళ్ల కుర్రాడు వాలీబాల్ ఆడుతూ కూలినా, పెళ్లి ఊరేగింపులో ఎవరో కుప్పకూలినా వెంటనే ఫోన్లలో వీడియో తిరుగుతుంది. టీ కొట్టు దగ్గర రెండు మాటలు వినిపిస్తాయి: "కరోనా తిన్న గుండె అది" అని ఒకరు, "ఆ టీకా వల్లే" అని ఇంకొకరు. నిజం తేల్చగలిగింది ఆ దేహమే. దాన్ని మాత్రం ఎవరూ అడగరు.

కాగితం కోసం కోత

ఈ నేలకు పోస్టుమార్టం కొత్త కాదు. 1987-88లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసినప్పుడు, తర్వాత పదేళ్లకు 1997-98లో శనగపచ్చ పురుగు కాయల్ని తొలిచేసినప్పుడు, గుంటూరు, ప్రకాశం జిల్లాల ఆసుపత్రులకు ట్రాక్టర్ల మీద, ఆటోల్లో వచ్చినవాళ్లు పురుగుమందు తాగిన రైతులు. కడుపు తెరవగానే గదంతా మందు వాసన కొట్టేదని అప్పటి వైద్యులు చెబుతారు. జీర్ణాశయం, కాలేయం, మూత్రపిండాల ముక్కలు తీసి చిక్కటి ఉప్పునీళ్ల సీసాల్లో వేసి, లక్క సీలు వేసి ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపడం ఇక్కడి మార్చురీలకు రోజువారీ పని.

కోయడమంటే మనవాళ్లకు భయం. "నిండు శరీరంతో సాగనంపుదాం, కోయించమాకండి" అని కాళ్లావేళ్లా పడతారు. కానీ 2004 జూన్‌లో ప్రభుత్వం జీవో 421 ఇచ్చి, ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్షన్నర సాయం ప్రకటించాక, ఆ కోత కాగితమే కుటుంబానికి ఆధారమైంది. ఎఫ్ఐఆర్, శవ పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, ల్యాబ్ నివేదిక అన్నీ చేరితేనే ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ ఏడీ కూర్చుని ఫైలు చూస్తారు. ఏ వీధిలో అడిగినా ఆ కాగితాల వరుస అప్పజెప్పగల ఆడవాళ్లు పల్నాడులో ఉన్నారు. భర్త దేహం లోపల ఏం దొరికిందో వాళ్లకు తెలుసు. రాతపూర్వకంగా తెలుసు.

కరోనా ఈ లెక్కను తలకిందులు చేసింది. వేలమంది పోయారు. ఏ దేహమూ ఏమీ చెప్పకుండానే కట్టెల మీదికో మట్టిలోకో పోయింది.

తెరవొద్దన్నారు

దేశంలో తొలి కరోనా మరణం 2020 మార్చిలో కలబురగిలో నమోదైంది. సౌదీ నుంచి వచ్చిన 76 ఏళ్ల పెద్దాయన, వైద్యం కోసం హైదరాబాద్ దాకా వచ్చి తిరిగి వెళుతూ కన్నుమూశాడు. అదే నెలలో కేంద్ర ఆరోగ్యశాఖ మృతదేహాల విషయంలో మార్గదర్శకాలు ఇచ్చింది. దేహాన్ని నీళ్లు కారని సంచిలో పెట్టాలి, ఒక శాతం హైపోక్లోరైట్‌తో పైన తుడవాలి, ముఖం చూపించవచ్చు కానీ ముట్టుకోనివ్వకూడదు, పోస్టుమార్టం వీలైనంతవరకు వద్దు. మేలో భారత వైద్య పరిశోధనా మండలి (ఐసీఎంఆర్) ఇంకాస్త వివరంగా చెప్పింది. ఆసుపత్రిలో కరోనాతో పోయినవాళ్లకు పోస్టుమార్టం అక్కర్లేదు, చూసిన డాక్టరే ధ్రువీకరించాలి. పోలీసు కేసైనా సరే, వీలైతే మినహాయింపు ఇవ్వాలి. తప్పనిసరైతే శరీరాన్ని కోయకుండా, పైపైన పరీక్షించి, ఫొటోలు తీసి, బంధువుల్ని అడిగి తెలుసుకోవాలి.

ఆ జాగ్రత్తను తప్పుపట్టలేం. మన మార్చురీల సంగతి తెలిసినవాళ్లు ఎవరూ తప్పుపట్టరు. చాలాచోట్ల గాలి బయటికి లాగే ఏర్పాటు కూడా లేని పాత గదులు అవి. పుర్రె కోసే రంపం తిరిగితే సన్నటి తుంపర గదంతా లేస్తుంది. డాక్టరు పక్కన నిలబడి చేతులు పెట్టి చేసేది ఎమ్మెన్వోలు, కాంట్రాక్టు సిబ్బంది. ఆ రోజుల్లో వాళ్లకు ఇంటి ఓనర్లు గదులు ఖాళీ చేయించారు. వాళ్ల ప్రాణాలను పణంగా పెట్టి శాస్త్రం నేర్చుకోవాలనడం న్యాయం కాదు.

కానీ మొదటి నెలల భయానికి రాసిన నియమం, తర్వాత భద్రంగా చేసే దారులు తెలిసినా మన దగ్గర అలాగే ఉండిపోయింది. ఒక్క బోధనాసుపత్రిలోనైనా మంచి గది కట్టి, మంచి కిట్లు ఇచ్చి, పది దేహాలనైనా అడిగి ఉండాల్సింది. నా బాధ అక్కడ.

> కురిచేడు: కరోనా కాలంలో తెరిచిన దేహాలు
>
> 2020 జులై నెలాఖరు. ప్రకాశం జిల్లా కురిచేడులో కేసులు పెరిగి ఊరు మూసేశారు. మద్యం దుకాణాలూ మూతపడ్డాయి. తాగుడు మానలేనివాళ్లు శానిటైజర్‌ను నీళ్లలో, కూల్‌డ్రింకుల్లో కలుపుకుని తాగారు. రెండు మూడు రోజుల్లో పదిమందికి పైగా చనిపోయారు. వాళ్లలో గుడి దగ్గర అడుక్కునేవాళ్లు, రిక్షా లాగేవాళ్లు, కూలీలు ఉన్నారు.
>
> అనుమానాస్పద మరణాలు కాబట్టి పోస్టుమార్టం జరిగింది. ప్రత్యేక దర్యాప్తు బృందం ఆ శానిటైజర్ జాడ హైదరాబాద్‌లో తయారైన చోటు దాకా పట్టుకుంది. వైరస్ సోకి పోయినవాళ్లు కాదు వీళ్లు, వైరస్ తెచ్చిన పరిస్థితికి బలైనవాళ్లు. ఏ అంకెల్లోనూ వీళ్లను కరోనా మృతులుగా లెక్కించలేదు. కానీ వాళ్లు ఎందుకు పోయారో ప్రభుత్వానికి తెలుసు. పక్క ఊళ్లో అదే వారం ఊపిరాడక పోయినవాళ్ల గురించి అంతమాత్రం కూడా తెలియదు.

హాంబర్గ్‌లో ఒకాయన వినలేదు

జర్మనీలోనూ మొదట ఇదే మాట అన్నారు. అంటువ్యాధుల జాతీయ సంస్థ రాబర్ట్ కోచ్ ఇన్‌స్టిట్యూట్ పోస్టుమార్టాలు తగ్గించమంది. హాంబర్గ్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో ఫోరెన్సిక్ విభాగాధిపతి క్లాస్ ప్యూషెల్ మాత్రం, నగరంలో కరోనాతో చనిపోయినవాళ్లందరినీ తెరిచి చూడాల్సిందేనని పట్టుబట్టారు. జబ్బు కొత్తదైనప్పుడే కదా చూడాల్సింది అన్నది ఆయన వాదన. తర్వాత ఆ సంస్థే తన సలహా మార్చుకుంది.

వరుసగా వచ్చిన తొలి 12 దేహాల వివరాలు 2020 మేలో ప్రచురించారు. 12 మందిలో ఏడుగురికి కాళ్ల లోపలి సిరల్లో రక్తం గడ్డలు కట్టి ఉంది. బతికుండగా ఆ అనుమానం ఏ డాక్టరుకూ రాలేదు. నలుగురిలో ఆ గడ్డలు ఊడి, రక్తంతో పాటు పైకి పోయి, గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే ప్రధాన నాళంలో ఇరుక్కున్నాయి. అదే వాళ్లను చంపింది.

అప్పటిదాకా ప్రపంచం దీన్ని న్యుమోనియా అనుకుంటోంది. ఊపిరితిత్తులకు గాలి కొట్టే వెంటిలేటర్ల కోసం దేశాలు కొట్లాడుకుంటున్నాయి. అడ్డం పడింది గాలి దారిలోనే కాదు, రక్తం దారిలో కూడా అని బల్ల మీది దేహాలు చెప్పాయి. ఇటలీలో బెర్గమో, మిలాన్ ఆసుపత్రుల వైద్యులు 38 మందిని చూస్తే 33 మంది ఊపిరితిత్తుల సన్నటి నాళాల్లో గడ్డలు కనిపించాయి. యూరప్ పరిశోధకులు ఇంకో పని చేశారు. కరోనాతో పోయిన ఏడుగురి ఊపిరితిత్తులను, 2009 నాటి ఫ్లూతో పోయిన ఏడుగురి ఊపిరితిత్తులతో పోల్చారు. వెంట్రుకకన్నా సన్నటి నాళాల్లో గడ్డలు కరోనాలో తొమ్మిది రెట్లు ఎక్కువ.

తడిసిన దూది

ఊపిరితిత్తి ఎలా ఉంటుందో పత్తి రైతుకు చెప్పడం తేలిక. ఏకిన దూది లాంటిది అది. చేత్తో అదిమితే లోపలికి పోతుంది, వదిలితే లేస్తుంది. ఒక ముక్క నీళ్లలో వేస్తే తేలుతుంది. ఆ మెత్తదనమంతా లోపలున్న కోట్ల గాలి గదుల వల్లే. ఒక్కో గది గోడ ఎంత పలచగా ఉంటుందంటే, అవతల పారే రక్తం ఆ గోడలోంచే ప్రాణవాయువు పీల్చుకుంటుంది.

ఆరోగ్యంగా ఉన్న మనిషి ఊపిరితిత్తులు రెండూ కలిపి కిలోలోపే తూగుతాయి. హాంబర్గ్‌లో తూచిన తొలి 12 మందివి సగటున దాదాపు రెండు కిలోలు. వాన కొట్టిన పత్తిని కాటా మీద పెడితే ముల్లు ఎలా కిందికి దిగుతుందో అలా. పత్తి కొనుగోలు కేంద్రంలో తేమ 8 శాతం ఉంటే పూర్తి ధర, 12 దాటితే బండి వెనక్కి. బయటికి తెల్లగా కనిపించే పత్తి లోపల తడిసి ఉండటం ఆ రైతుకు తెలుసు. అతని ఊపిరితిత్తికి జరిగింది కూడా అదే.

వైరస్ గాలి గది గోడను చీలుస్తుంది. నాళాల్లోని పలచటి ద్రవం, మాంసకృత్తులు, చచ్చిన కణాలు గదిలోకి ఊరతాయి. అవన్నీ కలిసి గోడకు గాజులాంటి పొరగా అంటుకుంటాయి. ఇక గాలి లోపలికి వచ్చినా రక్తానికి అందదు. స్కాన్‌లో పాలగాజులా తెల్లగా కనిపించి, 'సీటీ స్కోరు 25కి 18' అని మనవాళ్లు వణికిపోయింది ఈ తడిని చూసే. రోజులు గడిచేకొద్దీ ఆ తడి మీద శరీరం అతుకు వేయడం మొదలుపెడుతుంది. పుండు మానినచోట మచ్చ గట్టిపడినట్టు ఊపిరితిత్తే గట్టిపడుతుంది.

బెంగళూరులో ఆక్స్‌ఫర్డ్ వైద్య కళాశాల ఫోరెన్సిక్ నిపుణుడు డాక్టర్ దినేశ్ రావు 2020 అక్టోబరులో 62 ఏళ్ల వ్యక్తి దేహాన్ని తెరిచినప్పుడు ఆ ఊపిరితిత్తులు తోలు బంతిలా గట్టిగా ఉన్నాయని చెప్పారు. ఆ ఒక్క మాటతో దేశానికి విషయం అర్థమైంది. అంతకు రెండు నెలల ముందే భోపాల్ ఎయిమ్స్ వైద్యులు ఐసీఎంఆర్ అనుమతితో పని మొదలుపెట్టి 21 దేహాలను పరిశీలించారు. దేశంలో ఇలాంటి ప్రయత్నాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

మామయ్య మజ్జిగన్నం తిన్నానన్న మాటకు కూడా ఇందులో జవాబుంది. రక్తంలో ఆక్సిజన్ శాచురేషన్ 80 లోపు పడినా మనిషి మామూలుగా మాట్లాడుతుంటాడు. ఆక్సిజన్ తగ్గిన సంగతి కంటే, ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పెరిగిన సంగతికే మెదడు ఎక్కువ కంగారు పడుతుంది. తడిసిన ఊపిరితిత్తి ఆ వాయువును చాలాకాలం బయటికి పంపుతూనే ఉంటుంది. అందుకే ఆయాసం ఆలస్యంగా తెలుస్తుంది. ఆయన అబద్ధం చెప్పలేదు, ధైర్యం నటించలేదు. నిజంగానే బాగున్నాననుకున్నాడు.

> శవం నుంచి అంటుకుంటుందా?
>
> బెంగళూరులో ఆ దేహాన్ని తెరిచింది చనిపోయిన 18 గంటల తర్వాత. ముక్కు, గొంతు లోపల తీసిన నమూనాల్లో వైరస్ ఆనవాళ్లు కనిపించాయి. ముఖం, మెడ చర్మం మీద కనిపించలేదు.
>
> ఢిల్లీ ఎయిమ్స్ ఫోరెన్సిక్ విభాగాధిపతి డాక్టర్ సుధీర్ గుప్తా 2021 మేలో ఇంకో సంగతి చెప్పారు. సుమారు వంద దేహాలను మళ్లీ పరీక్షించగా, చనిపోయిన 12 నుంచి 24 గంటల తర్వాత ముక్కులో, నోట్లో వైరస్ చురుగ్గా లేదని తేలింది.
>
> ఈ మాట ఊళ్లకు ఏడాది ముందే చేరి ఉంటే ఎన్ని అంత్యక్రియలు వేరేగా జరిగేవో. 2020 జూన్‌లో శ్రీకాకుళం జిల్లా పలాసలో ఒక పెద్దాయన దేహాన్ని జేసీబీ తొట్టిలో పెట్టి శ్మశానానికి తీసుకెళ్లారు. బాధ్యులైన అధికారులను సస్పెండ్ చేశారు. కొడుకులు దూరంగా నిలబడి, ఎవరో తెలియని ముస్లిం కుర్రాళ్లు హిందువుల పాడె మోసి చితి పేర్చిన ఊళ్లు మన దగ్గరా ఉన్నాయి.

చనిపోయినవాళ్లు ఇప్పించిన మందు

ఆ బల్లల మీద తెలిసింది పుస్తకాల్లో ఉండిపోలేదు. గడ్డలు కడుతున్నాయని తేలగానే ఆసుపత్రుల్లో రక్తం పలచబరిచే హెపారిన్ ఇంజెక్షన్లు వాడుకలోకి వచ్చాయి. బొడ్డు పక్కన పొడిచే ఆ చిన్న సూది, గడ్డల జాడ చూసే డీ-డైమర్ పరీక్ష మన పల్లెల మాటల్లో కలిసిపోయాయి. ఎవరికి ఎంత మోతాదు అన్నది తేలడానికి ఇంకో ఏడాది పట్టింది. మధ్యస్థంగా ఉన్నవాళ్లకు పెద్ద మోతాదు మేలు చేసింది, ఐసీయూలో విషమంగా ఉన్నవాళ్లకు చేయలేదు.

రెండోది స్టెరాయిడ్. ఎడిన్‌బరో వైద్యులు 11 దేహాలు చూసి తేల్చింది ఏమిటంటే, వైరస్ ఉన్నచోటూ మంట ఉన్నచోటూ ఒకటి కాదు. అంటే చివరి దశలో మనిషిని కాల్చేది వైరస్ మాత్రమే కాదు, దాని మీద విరుచుకుపడ్డ సొంత రోగనిరోధక శక్తి. 2020 జూన్‌లో బ్రిటన్‌లోని రికవరీ ట్రయల్ ఆ మంటను ఆర్పే మందును నిలబెట్టింది. డెక్సామెథసోన్, రోజుకు 6 మిల్లీగ్రాములు. మన మందుల షాపులో రూపాయల్లో దొరికే పాత మందు. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు మూడో వంతు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో అయిదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మాత్రం ఉపయోగం లేదు.

ఆ చివరి వాక్యం మన ఊళ్లకు చేరలేదు. 2021 వేసవిలో జ్వరం వచ్చిన మొదటిరోజే స్టెరాయిడ్ వేసుకున్న ఇళ్లు ఎన్నో. ఆర్‌ఎంపీ ఇచ్చాడని, వాట్సాప్‌లో వచ్చిన చీటీ చూసి కొన్నామని చెబుతారు. ఒంట్లో వైరస్ పెరుగుతున్న రోజుల్లో కాపలా కుక్కను కట్టేసినట్టయింది. షుగర్ ఉన్నవాళ్లకు అది ఆకాశానికి ఎక్కింది. వెనకాలే బ్లాక్ ఫంగస్ వచ్చింది. కన్ను, దవడ ఎముక తీయించుకుని బతికి బయటపడ్డవాళ్లు ఇవాళ్టికీ నల్ల కళ్లజోడుతో పొలం గట్టు మీద కనిపిస్తారు. మందును కనిపెట్టడమే కాదు, ఏ రోజు వాడాలో పల్లెకు చెప్పడం కూడా వైద్యమే. ఆ పనిలో మనం ఓడిపోయాం.

గుండె ఆగడం జబ్బు కాదు

మళ్లీ ఆ కాగితం దగ్గరికి వస్తాను. మరణ కారణం రాయడానికి దేశమంతా ఒకే నమూనా ఉంది. ఆసుపత్రిలో పోతే ఫారం 4, బయట పోతే ఫారం 4ఎ. పై వరుసలో వెంటనే చంపినదేదో, కింది వరుసల్లో దానికి దారితీసిన జబ్బు ఏదో రాయాలి. గుండె ఆగింది, ఊపిరి ఆగింది అని రాసి వదిలేయొద్దని ఆ ఫారం నింపే డాక్టర్లకు ఇచ్చే సూచనల్లోనే ఉంటుంది. అది చనిపోయిన తీరే తప్ప కారణం కాదు. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో వైద్యులు కారణం ధ్రువీకరించినవి నూటికి 22.5 మాత్రమే. మిగిలినవాళ్లు ఏ కారణమూ లేకుండా పోయినట్టే రికార్డుల్లో ఉన్నారు.

2021 జూన్ 30న సుప్రీంకోర్టు కరోనా మృతుల కుటుంబాలకు పరిహారం ఇవ్వాలని, మరణ ధ్రువపత్రం సులభంగా అందేలా చూడాలని చెప్పింది. సెప్టెంబరులో 50 వేల రూపాయలు ఖరారైంది. పాజిటివ్ అని తేలిన 30 రోజుల్లోపు పోతే, ఇంట్లో పోయినా కరోనా మరణంగానే లెక్కించాలని నిబంధన వచ్చింది. మన రాష్ట్రంలో అధికారికంగా నమోదైన కరోనా మరణాలు 14,733. పరిహారం కోసం వచ్చిన అర్జీలు అంతకు మించిపోయాయి. చెల్లింపుల్లో జాప్యం మీద 2022 జనవరి 19న సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్, బిహార్ ప్రధాన కార్యదర్శులను వివరణకు పిలిచింది. ఆ మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, 2020, 2021 రెండేళ్లలో భారత్‌లో మామూలుకన్నా 47 లక్షల మంది ఎక్కువగా చనిపోయారని అంచనా వేసింది. ఆ రెండేళ్లకు ప్రభుత్వ లెక్క 5 లక్షల లోపు. కేంద్రం ఆ అంచనాను ఒప్పుకోలేదు. రెండు లెక్కల మధ్య ఉన్న దూరంలో మా మామయ్య లాంటివాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పగల కాగితాలు మాత్రం లేవు.

అత్తయ్య అర్జీ రెండుసార్లు తిరిగొచ్చింది. పాజిటివ్ మెసేజ్ మామయ్య ఫోన్లో ఉంది. ఆ ఫోను వార్డు నుంచి తిరిగి రాలేదు. చివరికి పట్టాదారు పాసుపుస్తకాలు పెట్టే ట్రంకుపెట్టె అడుగున మడతపెట్టి దాచిన సీటీ స్కాన్ కవరు పనికొచ్చింది. ఎనిమిది నెలలకు డబ్బు పడింది. "పత్తి కాలంలో మా చెల్లెలి మొగుడు మందు తాగి పోతే ఎందుకు పోయాడో ముప్ఫై పేజీలు రాసిచ్చారు. ఈయన జబ్బు చేసి పోతే ఒక్క ముక్క రాయలేదేందిరా" అంది ఆ రోజు.

కూలిన కుర్రాళ్లు, తెరిచిన గుండెలు

ఒక్క పోస్టుమార్టం ఎంత తిరగరాయగలదో అమెరికాలో తేలింది. అక్కడ తొలి కరోనా మరణం 2020 ఫిబ్రవరి 29న అనుకున్నారు. కాలిఫోర్నియాలోని శాంటా క్లారా కౌంటీలో ఫిబ్రవరి 6న ఇంట్లో ఉన్నట్టుండి చనిపోయిన 57 ఏళ్ల మహిళ దేహాన్ని అక్కడి ఫోరెన్సిక్ అధికారులు తెరిచి, నమూనాలు దాచి ఉంచారు. ఏప్రిల్‌లో పరీక్షిస్తే వైరస్ దొరికింది. మూడు వారాలకు పైగా ఎవరూ గుర్తించని జబ్బు ఊళ్లో తిరిగిందని అలా తెలిసింది.

మన టీ కొట్ల అనుమానానికీ అలాంటి జవాబే కావాలి. కొంత దొరికింది కూడా. ఐసీఎంఆర్ 19 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లోని 47 ఆసుపత్రుల్లో, ఉన్నట్టుండి చనిపోయిన 18-45 ఏళ్లవాళ్ల వివరాలు పరిశీలించింది. టీకా ఆ ముప్పును పెంచలేదని 2023లో తేల్చింది. ముప్పు పెంచినవి వేరే: కరోనాతో ఆసుపత్రిలో చేరిన చరిత్ర, కుటుంబంలో ఆకస్మిక మరణాలు, చావుకు ముందు రెండు రోజుల్లో అతిగా తాగడం, తీవ్ర శ్రమ. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు ఏడాదిపాటు వచ్చిన 2,214 దేహాల్లోంచి 180 ఆకస్మిక మరణాలను వేరుచేసి చూశారు. అందులో సగానికి పైగా 45 ఏళ్లలోపువాళ్లు. కుర్రవాళ్లలోనూ మొదటి కారణం గుండె రక్తనాళాల్లో పూడికే. టీకాకు, ఆ చావులకు సంబంధం కనిపించలేదు. ఆ కుర్రవాళ్లకు గుండెజబ్బు ఉన్నట్టు చాలామంది ఇళ్లలో తెలియదు.

వీడియో చూసి టీకాను తిట్టేవాళ్ల మీద నాకు కోపం లేదు. ఎందుకు పోయాడో చెప్పేవాళ్లు లేనప్పుడు మనిషి ఏదో ఒకటి అనుకోవాలి కదా.

> నోటి మాట పోస్టుమార్టం
>
> కోయకుండా కారణం తెలుసుకునే పద్ధతి ఒకటుంది. పోయినవాళ్ల పక్కన ఉన్నవాళ్లను కూర్చోబెట్టి, జ్వరం ఎప్పుడొచ్చింది, నొప్పి ఎక్కడ, ఆయాసం ఎన్నాళ్లు అని వరుసగా అడగడం. ఆ జవాబులు చూసి డాక్టర్లు కారణం తేలుస్తారు.
>
> ఇది తెలుగు నేలకు కొత్త కాదు. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 ఊళ్లలో జరిగిన 1,354 మరణాల గురించి పరిశోధకులు ఇలాగే ఇంటింటికీ తిరిగి అడిగారు. పల్లెల్లో చావులన్నీ అంటురోగాలవే అనుకునే రోజులవి. ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరిని గుండె, రక్తనాళాల జబ్బు తీసుకెళుతోందని ఇంటివాళ్ల నోటి మాటల్లోంచే తేలింది.

ఏ కాలు?

మొన్న మిరపకాయలు కల్లంలో ఎండుతున్న రోజుల్లో అత్తయ్య దగ్గరికి వెళ్లాను. కల్లం నిండా ఎర్రగా పరిచిన కాయలు. ఘాటుకు ఇద్దరం దగ్గుతూనే ఉన్నాం. "ఆ దగ్గే మోసం చేసిందిరా" అంది. మామయ్య ఆ ఏప్రిల్‌లో నలభై టిక్కీలు లారీకి వేసుకుని గుంటూరు యార్డుకు పోయి, రెండు రోజులు అక్కడే ఉండి వచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచీ దగ్గు. యార్డులో దగ్గనివాడెవడు? హమాలీలు, కమీషన్ వ్యాపారులు, రైతులు అంతా దగ్గుతూనే ఉంటారు. మిర్చి ఘాటేలే అనుకున్నారు. నాలుగు రోజులు అలాగే గడిచాయి.

నేను చదివినదంతా నాకు చేతనైన మాటల్లో చెప్పాను. తడిసిన పత్తి గురించి చెప్పాను. మాట్లాడుతూనే ఒంట్లో ఆక్సిజన్ ఎలా తగ్గిపోతుందో చెప్పాను. కాళ్లలో గడ్డలు కట్టి పైకి పాకుతాయని చెప్పేసరికి, కాయలు తిరగేస్తున్న చెయ్యి ఆగింది.

"పిక్క పట్టేసిందన్నాడు" అంది.

"ఎప్పుడు?"

"ఆ ముందురోజే. మధ్యాహ్నం ఫోన్ చేసి పిక్క లాగేస్తోందే, వాచినట్టుంది అన్నాడు. పడుకునే ఉంటున్నావుగా, కాస్త కాళ్లు ఆడించమన్నా. నేనుంటే ఆముదం రాసేదాన్ని అన్నా. అది కూడా జబ్బేనా? ఎవరికన్నా చెప్పాల్సిందా?"

అది గడ్డే అని ఇప్పుడు చెప్పగలిగేవాళ్లు లేరు. కాకపోయి ఉండొచ్చు కూడా. ఆమె చెప్పి ఉన్నా, ఆ వార్డులో ఆ రోజు వినే తీరిక ఎవరికీ లేదు. ఆమెకు ఆ మాటే చెప్పాను. ఆమె తప్పు ఏమీ లేదని రెండుసార్లు చెప్పాను.

కొంగుతో ముఖం తుడుచుకుని గట్టు మీద కూర్చుంది. "ఇంతవరకు ఎవరూ అడగలేదురా నన్ను. నువ్వన్నా రాసుకో" అంది. జ్వరం ఏ రోజు వచ్చిందో చెప్పింది. ఆదివారం. వాసన పోయింది మంగళవారం, పచ్చిపులుసు చప్పగా ఉందని కంచం నెట్టాడు. షుగర్ మాత్రలు రోజూ వేసుకునేవాడు. ఆర్‌ఎంపీ రెండు ఇంజెక్షన్లు వేశాడు, ఏవో తెలియదు. శుక్రవారం రాత్రి మెట్లెక్కుతూ ఆగి గోడ పట్టుకున్నాడు. ఒక్కొక్కటే రాసుకుంటూ వచ్చాను. పిక్క దగ్గరికి వచ్చాక అడిగాను.

"ఏ కాలు అత్తయ్యా?"

ఆమె కళ్లు మూసుకుంది. ఫోన్లో విన్న మాటను మళ్లీ వింటున్నట్టు కాసేపు అలాగే ఉంది.

"ఎడమది" అంది. "స్ప్రే డబ్బా భుజానికెత్తుకుని సాల్లోకి దిగేటప్పుడు ముందేస్తాడే, ఆ కాలు."